మా అత్త గుండె ఫోటో

మా అత్త చనిపోయి నెల కావస్తోంది. ఆ పొద్దున నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో, పిల్లలు తిరిగిచ్చిన పుస్తకాలను అరల్లో సర్దుతున్నాను. మా ఆయన ఫోను చేసి, "ఇంటికి వచ్చెయ్" అన్నారు. ఎప్పుడూ గబగబా మాట్లాడే మనిషి ఆ రెండు మాటలను అంత నెమ్మదిగా అనడంతోనే నాకు అర్థమైంది.

ఇడ్లీ తిని, కాఫీ తాగి, అత్త వాకిట్లో కుర్చీలో కూర్చుందట. ఎదురింటావిడ పలకరిస్తే పలకలేదట. డాక్టరు వచ్చి చూసి, కూర్చున్నచోటే గుండె ఆగిపోయిందని, బాధ తెలిసి ఉండదని చెప్పారు. వచ్చినవాళ్ళంతా సులువైన చావు, పుణ్యాత్మురాలు అన్నారు. నేను కాదనలేదు. కానీ ఆ గుండె ఇన్నేళ్ళు మాతో ఉండటమే మా పుణ్యం అనుకుంటూ నిలబడ్డాను. మా అమ్మాయి పుట్టకముందే ఆగిపోవలసిన గుండె అది.

మా అత్తకు తెలుగు చదవడం రాదు. అరవదేశంలో మిల్లుల పేట పీలమేడులో పుట్టి, అరవ బడిలో నాలుగు అక్షరాలు నేర్చి, ఇంట్లో మాత్రం జన్మంతా తెలుగే మాట్లాడిన మనిషి. మాది మదురై. మా తాత పట్టుబట్టి పలకమీద దిద్దించాడు కాబట్టి నాకు ఈ అక్షరాలు వచ్చాయి. ఆమె బతికి ఉన్నా ఈ రాతను నేనే చదివి వినిపించవలసి వచ్చేది. వింటూ మధ్యలో ఆపి, "అట్ల కాదు కన్నూ, ఇట్ల జరిగింది" అని సరిదిద్దేది కూడా. ఇప్పుడు సరిదిద్దేవాళ్ళు లేరు. తప్పులుంటే నావే.

నేను కోడలిగా వచ్చేనాటికే మామ లేరు. మిల్లులో పనిచేస్తూ, మా ఆయన చిన్నప్పుడే పోయారట. అప్పటినుంచి ముందుగదిలో పలహారాల అంగడి పెట్టుకుని కొడుకును చదివించింది. పొద్దున మురుకులు, అరిసెల్లాంటి అధిరసాలు. సాయంత్రం ఉద్దివడలు, అంటే మినప గారెలు. మిల్లు షిఫ్టు దిగి వచ్చేవాళ్ళు, హాస్టలు పిల్లలు, బస్సుకోసం నిలబడి నిలబడి ఆకలేసినవాళ్ళు, అందరూ ఆమె గిరాకీలే. నేను దాన్ని అంగడి అంటే ఆమె కడ అనేది. నేను వచ్చిన కొత్తలో నా మాట విని నవ్వి, "మీ మదురై తెలుగు నూనె తక్కువైన వడ మాదిరి ఉండాది. తినచ్చు, కానీ మెల్లగా నమలాల" అంది. నాకు కోపం రావలసింది. రాలేదు. ఆమె అన్నవిధం అట్లాంటిది.

ఆమె దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం పొయ్యి దగ్గరే. ఏదో విషయంలో మా ఆయనమీద మండిపడుతూ వంటగదిలోకి వెళ్ళాను. ఆమె వడకు పిండి తట్టుతూ, తల తిప్పకుండా, "నూనె కాగకముందు పిండి వేయకూడదు, మనిషి చల్లారకముందు మాట వేయకూడదు. పొయి మొగం కడుక్కో" అంది. కడుక్కుని వచ్చేసరికి వేడి వడ ఒకటి పళ్ళెంలో ఉంది. ఆ తర్వాత మాట వేయవలసిన అవసరమే కనిపించలేదు.

నేను కడుపుతో ఉన్న ఏడాది ఆమెకు ఆ నొప్పి మొదలైంది. మేడమీదికి పిండివంటల తట్టలు మోసుకెళ్ళేటప్పుడు సగం మెట్లలో ఆగి, అరచేత్తో దవడ కింద నొక్కుకునేది. అడిగితే పంటినొప్పి అనేది. వెళ్ళి ఒక పన్ను పీకించుకుని కూడా వచ్చింది. పన్ను పోయింది కానీ నొప్పి మాత్రం ఆ మెట్ల మీదే ఆమెకోసం కాచుకుని ఉండేది. తర్వాత దవడ నుంచి మెడకూ, మెడ నుంచి ఎడమ భుజానికీ దిగింది. వీధి చివరి డాక్టరు ఈసీజీ తీసి, బాగుందన్నారు. "గ్యాస్‌దాన్ మా, వట్టి గ్యాసే" అన్నారు మా ఆయన కూడా. అత్తకు అదే కావాలి. వాము నీళ్ళు కాచుకుని తాగి మళ్ళీ పొయ్యి ముందు కూర్చుంది.

ఆ రోజుల్లో నన్ను డాక్టరు సెలవు తీసుకొమ్మన్నందువల్ల పగలంతా ఇంట్లోనే ఉండేదాన్ని. అందుకే గమనించాను. కడుపునిండా తిన్నప్పుడు రాని గ్యాసు, నీళ్ళ బిందె ఎత్తితే వస్తోంది. కూర్చుంటే పోతోంది. నా కాన్పు చూసే డాక్టరమ్మకు నా సంగతులన్నీ చెప్పాక, ఈ సంగతీ చెప్పాను. ఆమె నా కాగితం పక్కన పెట్టి, "నిన్ను తర్వాత చూస్తాను. ముందు మీ అత్తను గుండె డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు" అంది. ఆడవాళ్ళకు గుండెనొప్పి ఎప్పుడూ గుండెలోనే రాదని అప్పుడే మొదటిసారి విన్నాను.

పెద్దాసుపత్రిలో గుండె డాక్టరు కూడా ఆడమనిషే. నెరిసిన జుట్టు, నిదానం. ట్రెడ్‌మిల్ మీద నడిపించారు కానీ అత్త మోకాళ్ళు సహకరించలేదు. గుండె అలిసేలోపే మోకాలు అలిసిపోయింది. ఏమీ తేలలేదు. డాక్టరమ్మ అరవంలో మాకు అర్థమయ్యేలా చెప్పింది. ఈసీజీ పడుకోబెట్టి తీస్తారు, పడుకున్న గుండె ఫిర్యాదు చేయదు. పని చేయించి చూడాలి. నడవలేనివాళ్ళకు రక్తనాళంలోకి ఒక మందు ఎక్కిస్తే, మనిషి మెట్లు ఎక్కేటప్పుడు మాదిరి గుండె రక్తనాళాల్లో రక్తం పరుగెత్తుతుంది. అప్పుడు కొంచెం రేడియేషన్ ఉన్న ఇంకో మందు ఇస్తారు. అది రక్తంతోపాటు గుండె కండలోకి వెళ్ళి కూర్చుంటుంది. రక్తం బాగా అందినచోట ఎక్కువ, అందనిచోట తక్కువ. దాన్ని కెమెరా ఫోటో తీస్తుంది. న్యూక్లియర్ స్కాన్ అంటారు.

ఆటోలో తిరిగి వస్తున్నాం.

"న్యూక్లియర్ అంటే, తిరునెల్వేలి పక్కన కరెంటు తీస్తారే, అదేనా?" అంది అత్త.

"అట్లాంటిదే అత్తా. కానీ చిటికెడు."

"చిటికెడు ఉప్పు ఎక్కువైతేనే ఈడు మురుకు పారేస్తాము కన్నూ."

నాకు నవ్వొచ్చింది. ఆమెకు రాలేదు. కాసేపటికి అసలు మాట బయటపెట్టింది.

"వచ్చే నెల నీకు వళైకాపు, గాజులు తొడగాల. ఆ తరవాత మీ అమ్మ వచ్చి నిన్ను మదురైకి పిలుచుకొని పోతాది. కానుపు అవ్వనీ, బిడ్డను చూడనీ. అప్పుడు పోతాను ఈ ఫోటోకు. నా నెంజు, ఈ గుండె, యాడికీ పోదు."

"యాడికీ పోకూడదనే గదా ఇదంతా."

"కడుపుతో ఉండే పిల్లను ఇంట్లో పెట్టుకొని నేను ఆస్పత్రిలో పడుకుంటే చూసేవాళ్ళు ఏమంటారు?"

నేను అప్పటివరకు ఆమెకు ఎదురు చెప్పి ఎరగను. చెప్పవలసి రాలేదు కూడా. ఆ రోజు చెప్పాను. "మీరు పోకపోతే నేను మదురైకి పోను. కానుపు ఈడనే."

తొలి కాన్పు పుట్టింట్లో జరగకపోవడమనేది మా ఇళ్ళలో వినని మాట. ఆమె నన్ను కొత్తమనిషిని చూసినట్టు చూసింది. రెండు రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడింది. వడలు మాత్రం పెట్టింది. మూడోరోజు సాయంత్రం పొయ్యి ఆర్పుతూ, "పిల్లను పంపలేదంటే మీ అమ్మకు నేనేం చెప్పుకునేది. సరి, డేట్ తీసుకోమను" అంది. భయపడుతోందని అప్పుడు తెలిసింది. మందుకు కాదు. ఫోటోలో ఏం కనిపిస్తుందోనని.

స్కానుకు ముందురోజు కాఫీ, టీ తాగకూడదన్నారు. తాగితే ఆ మందు సరిగా పనిచేయదట. రేడియేషన్ కన్నా ఈ మాటకే అత్త ఎక్కువ కుంగిపోయింది. తెల్లవారితే చేతిలో కాఫీ డబరా లేకుండా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. కాఫీ ఫిల్టరును కడిగి, తుడిచి, కంటికి కనపడకుండా బియ్యం డబ్బా వెనక దాచింది. నేను కూడా మానేస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు తాగు. నేను పక్కన కూసుంటాను. వాసనకు కూడా వద్దన్నారా ఏంది?" నేను తాగుతుంటే నిజంగానే పక్కన కూర్చుంది.

స్కాను రోజు ముగ్గురం వెళ్ళాం. ఆ విభాగం తలుపు దగ్గరే ఒక నర్సు నా పొట్ట చూసి ఆపేసింది. కడుపుతో ఉన్నవాళ్ళు లోపలికి రాకూడదు. ఇంజెక్షన్ అయ్యాక ఆ రోజంతా అత్త దగ్గరికి కూడా పోకూడదు, పసిపిల్లలూ పోకూడదు. మాకు ఇది ముందుగా ఎవరూ చెప్పలేదు. అత్త లోపలికి అడుగుపెట్టబోయి, వెనక్కి తిరిగి నన్ను చూసింది. నా పెళ్ళయిననాటినుంచి ఆమె ఆస్పత్రికి వెళ్ళిందంటే అది నావల్లే, నా చేయి పట్టుకుని. ఇప్పుడు తను వెళ్ళాలి, నేను బయట ఉండాలి. "నువ్వు సుమ్మా, ఊరికే కూసో. తిరగొద్దు" అని చెప్పి, కొడుకు వెంట లోపలికి వెళ్ళింది.

నేను వేరే వరండాలో బెంచీమీద కూర్చున్నాను. కాసేపటికి ఫోను మోగింది. ఒకే ఆస్పత్రిలో, మధ్య రెండు గోడలతో, మేము ఆ పగలంతా ఫోనులో మాట్లాడుకున్నాం.

"మందు ఎక్కించినారు" అంది. ఇంకా కొంచెం ఆయాసంగా ఉంది. "మొగమంతా సెగ కొట్టింది. నేను పడుకొనే ఉండాను, కానీ నా లోపల ఎవరో తట్ట మోసుకొని మెట్లు ఎక్కినట్టు ఉండింది. అదే దవడ నొప్పి. అదేదాన్. కాసేపటికి పోయింది."

"డాక్టరుకు చెప్పినారా?"

"చెప్తిని. రాసుకున్నారు. నువ్వు అన్నం తిన్నావా?"

ఇంకాసేపటికి మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో నవ్వు ఉంది. ఫోటోకు ముందు పాలు తాగమన్నారట, నూనె ఉన్నదేదైనా తినమన్నారట. గుండె పక్కనున్న కాలేయంలో చేరిన మందు తొందరగా కిందికి దిగితే ఫోటో బాగా వస్తుందట. "నూనె తినొద్దు, తినొద్దు అని అందరూ చెప్తారు. తినమని చెప్పిన ఆస్పత్రిని ఈడనే చూస్తిని. క్యాంటీన్‌లో వడ తెచ్చినాడు నా కొడుకు. పిండి సరిగా రుబ్బలేదు." ఆ తర్వాత రెండు చేతులూ తలపైకి పెట్టించి, కదలకుండా పడుకోబెడితే, కెమెరా ఆమె చుట్టూ మెల్లగా తిరిగిందట. కొన్ని గంటలు తీరిగ్గా ఉంచి మళ్ళీ ఇంకోసారి తీశారట. కదలకుండా ఉండటమే అన్నిటికన్నా కష్టమైందట.

సాయంత్రం కొడుకు ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. నేను బస్సులో వచ్చాను. ఇంటికి వచ్చేసరికి ఆమె ముందుగదిలో చాప వేసుకుని ఉంది. గడప దాటవద్దని నాకు చేయి చూపించింది. నేను పెరటి తలుపున వంటగదిలోకి వెళ్ళి, అన్నం పళ్ళెం తెచ్చి గడపమీద పెట్టి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అప్పుడు ఆమె లేచి వచ్చి తీసుకుంది. ఒకరినొకరు చూసుకుని ఇద్దరం నవ్వాం. కానీ తింటూ తింటూ ఆమె ఒకసారి నా పొట్టవైపు చూసి, "ఇంత దూరం నేను తాళలేను కన్నూ" అంది.

ఫలితం చెప్పే రోజు డాక్టరమ్మ కంప్యూటరు తెరను మావైపు తిప్పింది. నల్లని తెరమీద రెండు వరసల్లో ఎర్రగా, పసుపుగా వెలుగుతున్న గుండ్రని ఆకారాలు. ఒక్కొక్కదానికి నడుమ చిల్లు. గుండెను అడ్డంగా ముక్కలు కోసి చూపించినట్టు తీస్తారట. అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుని, ముందుకు వంగి చూసింది.

"వడలు మాదిరి ఉండాయే" అంది మెల్లగా, నాతో, తెలుగులో. తర్వాత పైవరస మీద వేలు పెట్టింది. "ఇది ఎవరో కొరికినారు."

నేను డాక్టరమ్మకు అరవంలో చెప్పాను. ఆవిడ నవ్వి, అంతకన్నా బాగా తను చెప్పలేనంది. పైవరస గుండెతో పనిచేయించినప్పటిది. కిందివరస తీరిగ్గా ఉన్నప్పటిది. పైన కొరికినట్టున్న చోటికి, పని పెరిగినప్పుడు చాలినంత రక్తం అందడంలేదు. కింద అదే చోటు నిండుగా ఉంది. రెండు వరసల్లోనూ కొరికి ఉంటే ఆ కండ చచ్చిపోయిందేమోనని భయపడాలి. ఇది చచ్చిన కండ కాదు, ఆకలితో ఉన్న కండ. ముందువైపు పెద్ద నాళంలో ఎక్కడో అడ్డం ఉంది. వదిలేస్తే ఒకరోజు పూర్తిగా మూసుకుపోవచ్చు.

మా ఆయన తల వంచుకుని కూర్చున్నారు. గ్యాసు అన్నది గుర్తొచ్చి ఉంటుంది. అత్త ఆయన మోకాలిమీద చేయి వేసి, డాక్టరమ్మను అడిగింది. "ఆకలిగా ఉండేదానికి అన్నం పెట్టచ్చు గదా?"

"పెట్టొచ్చు" అంది డాక్టరమ్మ.

"అవ్వళవుదానా? అంతేనా?" అంది అత్త. ఎన్నో వారాల తర్వాత ఆమె ముఖం తేరుకుంది. తెలియనిదానికి భయపడింది కానీ, తెలిసినదానికి ఆమె ఎప్పుడూ భయపడలేదు. ఆకలంటే ఏమిటో, దానికి ఏం చేయాలో ఆమెకు తెలుసు.

ఆ వారంలోనే యాంజియోగ్రామ్ చేసి, నాళంలో స్టెంట్ పెట్టారు. చాలా సన్నగా, దారం దూరేంత దారి మాత్రమే మిగిలిందని చెప్పారు.

వళైకాపు నాటికి ఆమె లేచి తిరుగుతోంది కానీ బరువులు ఎత్తకూడదు. వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని, వంటవాళ్ళకు ఉప్పు, పులుపు చెబుతూ కూర్చుంది. కడుపుతో ఉన్న కోడలికి ముత్తైదువలు వరసగా గాజులు తొడుగుతారు. భర్త పోయినవాళ్ళు ఆ వరసలోకి రారు. ఎవరూ చెప్పకుండానే ఆమె తనను తాను గుమ్మం అవతల ఉంచుకుంది. మొదటి గాజు తొడగడానికి మదురై నుంచి వచ్చిన మా అమ్మను పిలిచారు. మా అమ్మ గాజు చేతిలోకి తీసుకుని, నా దగ్గరికి రాకుండా, గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"వదినా, రండి" అంది.

"నేనెందుకు. పెద్దవాళ్ళు ఉండారు, ఏమైనా అనుకుంటారు" అంది అత్త.

"నా బిడ్డ మొండికేసి మీ ఫోటో తీయించింది. ఇప్పుడు నేను మొండికేస్తాను" అంది మా అమ్మ.

మా అత్త వచ్చింది. ఎవరైనా ఏమైనా అన్నారో లేదో నాకు తెలియదు. నేను ఆమె చేతులనే చూస్తున్నాను. ఏళ్ళ తరబడి నూనె చుక్కలు చిట్లి పడిన మచ్చల చేతులు. నా మణికట్టుకు నొప్పి పుట్టకుండా, గాజును తిప్పుతూ తిప్పుతూ ఎక్కించింది.

ఆ తర్వాతి ఏళ్ళు మామూలు ఏళ్ళు. మామూలు ఏళ్ళు ఎంత గొప్పవో అవి దక్కకుండా పోబోయినవాళ్ళకే తెలుస్తుంది. మా అమ్మాయి ఆమె ఒడిలోనే పెరిగింది. అంగడి నడిచింది కానీ వడలు వేయడానికి ఒకామెను పెట్టుకున్నాం. అత్త రుచి చూసే ముక్క నానాటికీ చిన్నదై, చివరికి గోరంత మిగిలింది. మాత్రలు వేసుకునేటప్పుడు వాటితో మాట్లాడేది. "పొయి నీ పని చూడు" అని చెప్పి మింగేది.

ఆస్పత్రివాళ్ళు ఇచ్చిన ఆ రంగు ఫోటో కాగితాన్ని అంగడిలో దేవుడి పటం పక్కన అతికించుకుంది. ఎవరైనా ఆడమనిషి వచ్చి, గ్యాసు, అలసట, మెడ లాగుతోంది అంటే చాలు, పలహారం పొట్లం కట్టడం ఆపేసేది. "తింటే వస్తాదా, మెట్లు ఎక్కితే వస్తాదా?" అని అడిగేది. తింటే అంటే వాము నీళ్ళు. మెట్లెక్కితే అంటే ఆ ఫోటో చూపించి, కొరికిన వడ కథంతా చెప్పి, ఆస్పత్రికి పోతానని మాట ఇచ్చేదాకా పొట్లం ఇచ్చేది కాదు. మొన్న పదహారో రోజు కర్మనాడు సూలూరు నుంచి ఒకావిడ వచ్చింది. మాకు చుట్టం కాదు. ఎప్పుడో మురుకులు కొనడానికి వచ్చి, అత్త మాటమీద పరీక్ష చేయించుకుని, ఆపరేషను దాకా వెళ్ళి బతికిందట. అత్త పటం ముందు కాసేపు నిలబడి, "మురుకులకని వచ్చినాను. పరీక్షకు పోతానని చెప్పేదాకా పొట్లం ఇయ్యలేదు" అంది. నేను ఆవిడకు కాఫీ ఇచ్చాను.

ఈ నెలరోజులుగా అత్తను తలుచుకుంటే నా కళ్ళముందుకు వచ్చేది ఆస్పత్రి కాదు, అంగడీ కాదు. మా అమ్మాయికి పుట్టువెంట్రుకలు తీయించడానికి పళని వెళ్ళాం. గుండె డాక్టరమ్మను అడిగితే, నెమ్మదిగా అయితే కొండ నడిచే ఎక్కవచ్చంది. మా ఆయన దర్శనం వరసలో చోటు పట్టడానికి మెట్లదారిన ముందు వెళ్ళిపోయారు. మేమిద్దరం వాలుగా ఉండే ఏనుగుదారిన బయలుదేరాం. గుండు తలకు చందనం పూసిన బిడ్డ నా భుజంమీద నిద్రపోతోంది. ఎండ ఇంకా ముదరలేదు. అత్త కొంచెం నడవడం, కొంచెం నిలబడటం, మళ్ళీ నడవడం. ఎక్కడా దవడ పట్టుకోలేదు. బిడ్డ బరువుకు నేనే వెనకబడ్డాను. తల ఎత్తి చూస్తే ఆమె నాకన్నా చాలా ముందు, మలుపు దగ్గర పిట్టగోడమీద కూర్చుని ఉంది. ఆమె వెనక కింద ఊరంతా, పొలాలు, దూరంగా నీలంగా కొండలు. గాలికి కొంగు ఎగురుతోంది.

"మెల్లగా రా కన్నూ" అంది. "తొందరేమీ లేదు."

నేను దగ్గరికి వస్తుంటే ఎగిరే కొంగును పట్టుకుని, దాంతో తన పక్కన గోడమీది దుమ్మును తుడిచి, నాకు చోటు చేసింది.